డీజిల్ ఇంజనును ‘ముట్టించ’వచ్చునా?

సందేహం: భారీ డీజిల్ ఇంజన్ల మెకానిక్కుల కోసం తెలుగులో ఒక చిన్న చేతిపుస్తకం రాస్తున్నాను. కొత్తగా బిగించిన ఇంజనును మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఏమేమి చేయాలన్నది అందులో ఒక అధ్యాయం. ‘స్టార్ట్ చేయడం’ అన్నచోట నేను ‘ప్రారంభించడం’ అని రాశాను. ఒక మిత్రుడు ‘ముట్టించడం’ అచ్చ తెలుగు కదా అన్నారు. మరొకరు ‘ప్రజ్వలింపజేయడం’ అని దిద్దారు. ఏది సాధువు? ‘లూబ్రికేషన్’, ‘ప్రైమింగ్’ అనే వాటికి కూడా తగిన మాటలు చెప్పగలరు.

సమాధానం: ముందుగా సులువుగా తెమిలిపోయేవి. ‘ప్రజ్వలించు’ అంటే భగ్గున మండడం. ఇంజను ప్రజ్వలించిందంటే వినేవారు ఇంజనుకే నిప్పంటుకుందని కంగారు పడతారు. ‘ప్రారంభించు’ పనులకు, కార్యాలకు చెల్లే క్రియ. ‘కొత్త ఇంజనును ప్రారంభించారు’ అని చదివిన తెలుగువారికి రిబ్బను, కత్తెర, వేదిక కళ్లముందు మెదులుతాయి గాని తిరుగుతున్న క్రాంక్‌షాఫ్టు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) మెదలదు. మొదటిసారి నడిపే ఇంజను విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ రెండు అర్థాలూ పొసగుతాయి. ఈ రెండింటినీ పక్కన పెట్టండి.

మీ మిత్రుడు చెప్పిన ‘ముట్టించు’ అలా కొట్టిపారేయదగినది కాదు. అది నిజంగా అచ్చ తెలుగే. అయితే అచ్చమైన మాట అయినంత మాత్రాన అన్నిచోట్లా అతకదు. ‘ముట్టు’ అంటే తాకు. కన్నడంలోనూ ముట్టు అంటే తాకడమే. తమిళంలో అదే ధాతువు ఢీకొట్టడం దాకా వెళ్లింది. సొమ్ము ముట్టిందంటే చేతికి తాకిందని. ముట్టజెప్పడమంటే చేతికి తాకేలా అప్పగించడం. సేన వచ్చి కోటను తాకితే ముట్టడి. నిప్పు విషయంలో ముట్టించడమంటే, అప్పటికే ఒకచోట ఉన్న నిప్పును తెచ్చి, మండవలసిన వస్తువుకు తాకించడం. ‘అంటించు’ కూడా ఈ కోవలోదే. కాకపోతే ‘ముట్టు’ తాకి ఊరుకుంటుంది, ‘అంటు’ తాకి పట్టుకుంటుంది. చెట్టుకు కట్టిన అంటు, అంటువ్యాధి, కవరు మీద అంటించిన బిళ్ల, వీటన్నిటిలోనూ వదలకుండా పట్టుకోవడమే ఉంది. అందుకే పొయ్యిని ముట్టిస్తాం, గడ్డివాము అంటుకుంటుంది. ఈ రెండు క్రియల్లో మన పూర్వుల చూపు కనిపిస్తుంది. వారి దృష్టిలో నిప్పు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి స్పర్శతో నడిచివెళ్లేది.

పెట్రోలు ఇంజనులో ఈ మాట చక్కగా కుదురుతుంది. స్పార్క్ ప్లగ్గు నుంచి రవ్వ పుడుతుంది. అది పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని తాకుతుంది. అది ముట్టించడమే. డీజిల్ ఇంజనులో రవ్వ లేదు, బయటి నుంచి వచ్చి తాకే నిప్పు లేదు. పిస్టను పైకి వస్తూ సిలిండరులోని గాలిని సుమారు 15 నుంచి 20 వంతులలో ఒక వంతుకు కుదిస్తుంది. ఆ బిగువుకు గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అప్పుడు ఇంజెక్టరు డీజిలును సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఆ వేడికి డీజిలు తనంతట తానే మండుతుంది. చలికాలంలో గాలిని ముందే వేడి చేసే హీటరు ఉన్నా ఈ సంగతి మారదు. అది వేడిని ఇస్తుంది గాని మంటను తాకించదు. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో జయప్రదంగా నడిపి చూపిన ఇంజనుకు ప్రాణం ఇదే. మనం ఇప్పుడు ఇంధనానికి వాడుతున్న ‘డీజిల్’ ఆయన ఇంటిపేరు. దాన్ని అనువదించాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి.

మరి తాకకుండా పుట్టే మంటకు తెలుగులో క్రియ లేదా? ఉంది. ‘రాజు’. రాజుకొను, రాజేయు అని దాన్ని అందరం ఎరుగుదుం. కట్టెలు రాజుకున్నాయి, పొయ్యి రాజేశారు. ఇందులో స్పర్శ అన్న ఊసు లేదు. వేడి లోలోపల ముదిరి మంటగా మారడమే ఉంది. నివురు కింద దాగిన నిప్పు గాలి సోకగానే రాజుకుంటుంది. గాలి, వేడి, తనంతట తాను మండడం, ఈ మూడూ ఒక్క క్రియలో అమరాయి. డీజిల్ ఇంజను కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది నాకు. ఇంత చక్కని మాటను ఈ మధ్య వార్తలు రాసేవారు గొడవలకు అప్పగించేశారు. వివాదం రాజుకుంటుంది, ఎన్నికల వేడి రాజుకుంటుంది, చిచ్చు రాజుకుంటుంది. నిజంగా నిప్పు రాజుకున్న రోజున మాత్రం ‘అగ్నిప్రమాదం సంభవించింది’ అని రాస్తారు. లక్ష్యార్థంలో, అంటే ఆలంకారికంగా, వాడడం తప్పనను. ముఖ్యార్థాన్ని మరచి లక్ష్యార్థాన్నే వాడుతూ పోతే, రాబోయే తరం ‘రాజుకోవడం’ అంటే తగవు ముదరడమని నిఘంటువులో రాసుకుంటుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

‘అంటు’ను మీ పుస్తకం నుంచి వెళ్లగొట్టమని నా ఉద్దేశం కాదు. ఈ అధ్యాయంలో దానికి సిసలైన చోటు నూనె దగ్గర ఉంది. ‘తలంటు’ అన్న సమాసం చూడండి. తలకు నూనె పట్టించడమే అక్కడ అంటడం. కొత్తగా బిగించిన ఇంజనుకైనా, చాలాకాలం తిప్పకుండా ఉంచిన ఇంజనుకైనా మొదట కావలసింది అదే. నడుస్తున్న ఇంజనులో క్రాంక్‌షాఫ్టు తనను మోసే బేరింగును తాకదు. రెండింటి మధ్య ఏర్పడే పలుచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆగి ఉన్న ఇంజనులో నూనె కిందికి జారి అడుగునున్న నూనె తొట్టిలో (సంపులో) చేరుతుంది. పొర లేని స్థితిలో తిప్పితే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. అందుకే బయటి పంపుతో నూనెను ఒత్తిడితో ప్రధాన నూనె మార్గంలోకి ఎక్కిస్తారు. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపుతూ నిమిషానికి పదుల వేల చుట్లు తిరిగే టర్బోచార్జరు బేరింగుల సంగతి మరీ ముఖ్యం. అయితే ఒక జాగ్రత్త. ‘అన్ని బేరింగులకూ నూనె అంటిందో లేదో చూడండి’ అని నిర్భయంగా రాయవచ్చు. ‘నూనె అంటించండి’ అని మాత్రం రాయకండి. అది నూనెకు నిప్పు పెట్టమన్నట్టు వినిపిస్తుంది. ఆజ్ఞాపించేచోట ‘నూనె పట్టించండి’ అనడమే క్షేమం.

లూబ్రికెంటుకు ‘కందెన’ ఉండనే ఉంది. బండి ఇరుసుకు పెట్టే కందెనే పాఠ్యపుస్తకాల్లోకి వచ్చి స్థిరపడింది. దాన్ని కాదని ‘స్నేహకం’ అని హిందీ పుస్తకాల నుంచి తెచ్చుకోవడం దేనికి? నూనె అంటే నువ్వుల నెయ్యి కదా, ఖనిజతైలాన్ని అలా అనవచ్చునా అని అడిగేవారుంటే, తైలమూ తిల నుంచి వచ్చినదేనని చెప్పండి.

ఇక అసలు తీర్పు. ‘స్టార్ట్ చేయడం’ తెలుగులో ఇంకిపోయిన మాట; అధ్యాయం పేరులో దాన్ని ఉంచేయండి. మెకానిక్కుకు ‘ఇంజనును రాజేయండి’ అని ఆజ్ఞ రాయమని నేను పట్టుబట్టను. వాడుకలో ఇంజను దానికి కర్మగా ఇంకా అలవాటు పడలేదు, పైగా ఇంధనం పక్కన నిప్పు అన్న ఊహే మంచిది కాదు. కాని లోపల జరిగేదాన్ని వివరించేచోట డీజిలు ‘రాజుకుంటుంది’ అనే రాయండి.

దీనికన్నా నేను గట్టిగా చెప్పేది ‘తిప్పు’ గురించి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంధనాన్ని మూసి ఉంచి, నూనె ఒత్తిడి మీటరులో కనిపించేదాకా స్టార్టరుతో ఇంజనును ఉత్తినే తిప్పుతారు. ఒక్కసారికి సాధారణంగా 30 సెకన్లు మించనీయరు. స్టార్టరు చల్లబడడానికి రెండు నిమిషాలు ఆగి మళ్లీ తిప్పుతారు. ఆ తరువాతే ఇంధనం వదులుతారు. ఈ రెండు పనులకూ ‘స్టార్ట్ చేయండి’ అన్న ఒక్క మాటే రాసిన చేతిపుస్తకాలు నేను చూశాను. కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాడు మొదటి ‘స్టార్ట్’కే ఇంధనం వదిలితే తప్పు ఆ వాక్యానిదే, బలి అయ్యేవి బేరింగులు. మొదటి దశకు ‘తిప్పండి’, రెండవ దశకు ‘స్టార్ట్ చేయండి’. మంట అందుకున్నాక కూడా కొద్ది సెకన్లలో నూనె ఒత్తిడి చూపకపోతే వెంటనే ‘ఆపండి’. ఇక్కడ ‘నిలుపుదల చేయండి’ వంటి బరువైన పదబంధాలు వద్దు. తొందరలో ఉన్న మనిషికి చిన్న మాటే అందుతుంది.

‘ప్రైమింగ్’కు ఒకే మాట వెదకకండి. అది రెండు పనులు. నూనె విషయంలో అది ముందుగా పట్టించడం. ఇంధనం విషయంలో, ఫిల్టరు దగ్గరి చేతిపంపును నొక్కుతూ గొట్టాలను డీజిలుతో నింపి అందులోని గాలిని వెళ్లగొట్టడం. దానికి ‘గాలి తీయడం’ చక్కగా సరిపోతుంది. శీర్షికలో మాత్రం ‘ఇంధన గొట్టాల్లోని గాలి తీయడం’ అని పూర్తిగా రాయండి. ఉత్త ‘గాలి తీయడం’ అంటే టైరు జ్ఞాపకం వస్తుంది.