మాట్లాడగల మనిషి, చివరన మిగిలిన ‘టు’

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు కార్యాలయంలో కొత్తగా చేరాను. ఒక వినియోగదారుకు పంపవలసిన మెయిల్‌లో ‘దిస్ ఈజ్ ది పర్సన్ హూ యు కెన్ టాక్’ అని రాస్తే, మా పైఅధికారి దానిని ‘దిస్ ఈజ్ ది పర్సన్ యు కెన్ టాక్ టు’ అని దిద్దారు. ఉన్న ‘హూ’ ఎందుకు పోయింది, లేని ‘టు’ ఎక్కడి నుంచి వచ్చింది? వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించకూడదని బడిలో మా మాస్టారు గట్టిగా చెప్పేవారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: దిద్దుబాటు సరైనదే. మీ వాక్యంలోని లోపానికి మూలం తెలుగు వాక్య నిర్మాణంలో ఉంది కనుక ముందు అక్కడి నుంచే మొదలుపెడదాము.

‘ఆ వ్యక్తితో మీరు మాట్లాడగలరు’ అనే వాక్యాన్ని ‘మీరు మాట్లాడగల వ్యక్తి’ అని మార్చినప్పుడు ‘తో’ కనబడకుండా పోతుంది. క్రియాజన్య విశేషణం, అంటే ‘మాట్లాడగల’ వలె క్రియ నుంచి పుట్టి నామవాచకాన్ని వర్ణించే మాట, ఏర్పడిన ప్రతిచోటా తెలుగులో ఇదే జరుగుతుంది. కత్తితో కూరగాయలు కోస్తాము, కాని ‘కూరగాయలు కోసే కత్తి’ అంటాము. కుర్చీ మీద కూర్చుంటాము, కాని ‘కూర్చునే కుర్చీ’ అంటాము. ఒకరికి డబ్బు ఇవ్వాలి, కాని ‘నేను డబ్బు ఇవ్వవలసిన మనిషి’ అంటాము. తో, మీద, కి అన్నీ జారిపోయినా వినేవారికి ఇబ్బంది కలగదు. కత్తి దేనికి, కుర్చీ దేనికి అన్నది అందరికీ తెలిసిన సంగతే. ఇంగ్లీషు మాత్రం ఆ సంబంధాన్ని ఊహకు వదలకుండా పైకి చెప్పమంటుంది. అందుచేత ‘ఏ చెయిర్ యు కెన్ సిట్ ఆన్’, ‘ఏ నైఫ్ యు కెన్ కట్ విత్’, ‘ది మ్యాన్ ఐ హావ్ టు గివ్ ది మనీ టు’ అనవలసి వస్తుంది. మన విభక్తి ప్రత్యయం పోయిన చోట వారి ప్రిపొజిషన్ మిగిలి ఉంటుందని గుర్తుంచుకుంటే మీ ‘టు’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ప్లేస్, డే, వే, రీజన్ అనే మాటల తరువాత రోజువారీ ఇంగ్లీషులో ప్రిపొజిషన్‌ను తరచుగా వదిలేస్తారు. ‘ఏ ప్లేస్ వుయ్ కెన్ సిట్’, ‘ది డే వుయ్ కెన్ మీట్’, ‘ది వే యు షుడ్ హోల్డ్ ఇట్’ అని వారే అంటారు. ఆ ధైర్యంతో ‘ఏ హౌస్ వుయ్ కెన్ లివ్’ అంటే మాత్రం చెల్లదు. ‘లివ్ ఇన్’ అనాలి.

ఇక ‘హూ’ సంగతి. కెన్, షుడ్, మస్ట్, మైట్ వంటి మోడల్ క్రియకు ముందు ఏముందో చూడండి. నామవాచకాన్ని ఆనుకుని నేరుగా మోడల్ క్రియ వస్తే ‘హూ’ లేదా ‘దట్’ తప్పనిసరి. మధ్యలో యు, ఐ, వుయ్ వంటి మరో కర్త ఉంటే ఆ ‘హూ’ లేదా ‘దట్’ను వదిలివేయవచ్చు. ‘ది పర్సన్ హూ కెన్ హెల్ప్ యు’ అనే పదబంధంలో నుంచి ‘హూ’ తీసేస్తే మిగిలే ‘ది పర్సన్ కెన్ హెల్ప్ యు’ ఒక పూర్తి వాక్యమైపోతుంది, చదివేవారు అక్కడికి మాట ముగిసిందనుకుంటారు. ‘ది పర్సన్ యు కెన్ టాక్ టు’ విషయంలో అటువంటి అపోహకు తావు లేదు. నిజానికి మీ ‘హూ’ తప్పు కాదు, ఉంచినా దోషం లేదు. సంభాషణకు దగ్గరగా ఉండే మెయిల్‌లో దాని అవసరం లేదని మీ అధికారి భావించి ఉంటారు. అయితే ‘హూ’ ఉంచినా, తీసినా చివర ‘హిమ్’ చేర్చకండి. ‘ది పర్సన్ యు కెన్ టాక్ టు హిమ్’ అని చాలామంది రాస్తారు. ‘ఏ మనిషితో మాట్లాడాలో ఆ మనిషితో’ అని రెండుసార్లు చెప్పే మన అలవాటు వల్ల అలా అనిపిస్తుంది కాబోలు.

మీ మాస్టారు చెప్పిన నియమానికి పెద్ద చరిత్రే ఉంది. 1672లో కవి జాన్ డ్రైడెన్, తనకు ముందు తరంవాడైన బెన్ జాన్సన్ రాతలో ప్రిపొజిషన్ చివరన పడిందని తప్పుపట్టాడు. ఆపైన 1684లో తన పాత వచన రచనను మళ్లీ అచ్చు వేయించినప్పుడు అటువంటి వాక్యాలను తానే సవరించుకున్నాడు. ఆ పట్టింపు పాఠ్యపుస్తకాలలోకి పాకింది, జనం మాటలలోకి మాత్రం పాకలేదు. ‘ది పర్సన్ టు హూమ్ యు కెన్ టాక్’ వ్యాకరణానికి నిలిచే వాక్యమే, దరఖాస్తులోనో ఒప్పంద పత్రంలోనో శోభిస్తుంది. ఫోనులో అలా మాట్లాడితే అవతలివారు ఒక క్షణం ఆగి వింటారు. ప్రిపొజిషన్ ఇలా ముందుకు వచ్చినప్పుడు ‘హూమ్’ను వదిలివేయడం గాని, దాని స్థానంలో ‘దట్’ పెట్టడం గాని కుదరదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని. ‘నేను చేయవలసిన పని’ అన్నదానిని అనువదించమంటే మా తరగతిలో ముగ్గురు మూడు రకాలుగా రాశారు: ‘ది వర్క్ ఐ హావ్ టు డు’, ‘ది వర్క్ ఐ షుడ్ డు’, ‘ది వర్క్ ఐ షుడ్ హావ్ డన్’. వీటిలో దేనికి మార్కులు వేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముగ్గురికీ వేయండి, ఆ తరువాత ప్రశ్నను మార్చండి. ‘వలసిన’ అనే రూపం కాలాన్ని చెప్పదు. ‘రేపు చేయవలసిన పని’, ‘నిన్న చేయవలసిన పని’ రెండింటిలోనూ క్రియ ఒక్కటే, కాలం చెప్పే భారమంతా రేపు, నిన్న అనే మాటల మీదే ఉంది. ఇంగ్లీషులో ఆ భారాన్ని క్రియ మోస్తుంది. ‘ది ఫీ ఐ షుడ్ హావ్ పెయిడ్ యెస్టర్‌డే’ అంటే కట్టవలసి ఉండి కట్టలేదని అర్థం. ‘ది ఫీ ఐ హ్యాడ్ టు పే యెస్టర్‌డే’ అంటే తప్పనిసరై కట్టాననే సాధారణంగా అర్థం చేసుకుంటారు. ‘నిన్న కట్టవలసిన ఫీజు’ అన్నప్పుడు ఆ తేడా సందర్భం వల్ల గాని తెలియదు కనుక, అనువాదం చేసే విద్యార్థి ముందు ‘కట్టారా, లేదా?’ అని తనను తాను ప్రశ్నించుకోవాలి.

బలంలో కూడా తేడా ఉంది. దరఖాస్తు గురించి ‘ఏ ఫార్మ్ యు హావ్ టు ఫిల్ ఇన్’ అంటే అది నిబంధన. స్నేహితుడు ‘ఏ ఫిల్మ్ యు మస్ట్ సీ’ అంటే అందులో బలవంతమేమీ లేదు, తనకు నచ్చిందన్న ఉత్సాహమే ఉంది. మన ‘వలసిన’ రెండింటికీ సరిపోతుంది. రూపాల విషయంలో పిల్లలు ఒక చోట తడబడతారు: ‘హ్యావ్ టు’ కర్తను బట్టి మారుతుంది, కాబట్టి ‘ది ఆఫీసర్ హూ హ్యాజ్ టు సైన్’ అనాలి, ‘మస్ట్’ మారదు, దాని తరువాతి క్రియ కూడా మారదు, కాబట్టి ‘హూ మస్ట్ సైన్స్’ తప్పు.

వ్యతిరేకార్థానికి వచ్చేసరికి తెలుగుదే పైచేయి. ‘వేసుకోకూడని మాత్రలు’, ‘వేసుకోనక్కరలేని మాత్రలు’ అనే రెండింటినీ మన పిల్లలెవరూ కలగాపులగం చేయరు. అవే ఇంగ్లీషులో ‘ది ట్యాబ్లెట్స్ యు మస్ట్ నాట్ టేక్’, ‘ది ట్యాబ్లెట్స్ యు డోంట్ హావ్ టు టేక్’ అయ్యేసరికి రెండూ ఒకటే అనుకుంటారు. మందుల విషయంలో అంతకంటే ప్రమాదకరమైన వ్యాకరణ దోషం ఉండదు కనుక తరగతిలో దీనికి ఒక పూట కేటాయించినా ఎక్కువ కాదు. అదే సమయంలో మనకు ఒక లోటు కూడా ఉంది. ‘వచ్చు’ అనే రూపానికి నేటి వాడుకలో క్రియాజన్య విశేషణం లేదు: ‘వర్షం పడవచ్చు’ అంటాము గాని ‘వర్షం పడవచ్చిన రోజు’ అనము, ‘వర్షం పడే అవకాశం ఉన్న రోజు’ అని చుట్టు తిరిగి చెబుతాము. ఆ చుట్టుదారినే ఇంగ్లీషులోకి తీసుకువెళ్లిన విద్యార్థి ‘సమ్‌వన్ హూ హ్యాజ్ ఏ పాసిబిలిటీ ఆఫ్ నోయింగ్’ అని రాస్తాడు. ‘సమ్‌వన్ హూ మైట్ నో’ అంటే చాలు.

ప్రశ్న: ‘సమ్‌థింగ్ టు ఈట్’ అన్నప్పుడు కెన్ గాని, షుడ్ గాని లేదు కదా, అయినా ‘తినదగినది’ అనే అర్థం ఎలా వస్తోంది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ ‘టు’లోనే మోడల్ క్రియ అర్థం ఇమిడి ఉంది. ‘వాటర్ టు డ్రింక్’ అంటే తాగగల నీరు, ‘ది మ్యాన్ టు సీ’ అంటే కలవవలసిన మనిషి. ఏది ‘గల’, ఏది ‘వలసిన’ అన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది. ఒక్కొక్కసారి చిన్న మార్పుతో అర్థం పూర్తిగా మారిపోతుంది. సెలవు రోజున పిల్లవాడు ‘దేర్ ఈజ్ నథింగ్ టు డు’ అంటే వాడికి ఏమీ తోచడం లేదని; మెకానిక్ పాత స్కూటరును పరీక్షించి ‘దేర్ ఈజ్ నథింగ్ టు బి డన్’ అంటే అది ఇక బాగుపడదని. ప్రిపొజిషన్ నియమం ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి ‘సమ్‌వన్ టు టాక్ టు’ అనేటప్పుడు రెండు ‘టు’లు పడ్డాయని రెండోదాన్ని కొట్టివేయకండి.