చిత్తుప్రతిని చిత్తుగానే ఉండనివ్వండి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి, పైచదువుల దరఖాస్తుకు జతచేయవలసిన వ్యాసంలో మూడు వారాలుగా మొదటి పేరా దాటలేదు. రాస్తుంది, చెరిపేస్తుంది. తను రాస్తుండగా నేను వెనక నిలబడి చదువుతూ, తప్పు కనిపించిన వెంటనే చెబుతున్నాను. రాతపని ఎక్కువగా ఉండే కోర్సు మాని డేటా సైన్స్‌లో చేరడం మేలా? ఈలోగా వ్యాసాన్ని ఏఐతో రాయించవచ్చా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మీ అమ్మాయికి రాసే శక్తి లేదేమోనన్న అనుమానం. ఆ శక్తి లేనివారు రాసిన వాక్యంలో లోపాన్ని కనిపెట్టి మూడు వారాలపాటు చెరుపుతూ కూర్చోరు. మైక్ రోజ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లో పదిమంది విద్యార్థులను పరిశీలించి, రాయలేక ఆగిపోయిన ఐదుగురినీ అడ్డుకున్నది తెలివితక్కువతనం కాదని, సడలింపు లేకుండా పట్టుకున్న నియమాలేనని చూపారు. మొదటి వాక్యం అద్భుతంగా కుదిరితే తప్ప రెండోది రాయకూడదనుకోవడం అటువంటి నియమమే.

ఆలోచనను వెలికితీయడం, దాన్ని దిద్దడం వేర్వేరు పనులు. రెండింటినీ ఒకేసారి తలకెత్తుకుంటే రెండూ సాగవు. అందుకే పది నిమిషాలు గడియారం పెట్టుకుని, కలం ఎత్తకుండా, వెనక్కి చదవకుండా రాయమనండి. మాట తట్టకపోతే ఖాళీ వదలవచ్చు, "ఏమీ తోచడం లేదు" అనైనా రాయవచ్చు. పీటర్ ఎల్బో అనే ఆచార్యుడు 1973 నుంచే ఈ అభ్యాసాన్ని ప్రచారం చేశారు. దిద్దుబాటు మర్నాటి పని.

ఫిజియోథెరపీ చదవాలనుకున్న ఒక విద్యార్థి నా ఎదుటే ఇలా రాశాడు. ఎనిమిది వరుసలు "చిన్ననాటి నుంచి నాకు సేవాభావం ఎక్కువ" అనే ధోరణిలో సాగాయి. తొమ్మిదో వరుసలో, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడిపోతూ, "తాతయ్య పిడికిలి బిగించడానికి ఆరు వారాలు పట్టింది, రోజూ నేనే లెక్కపెట్టాను" అని ఉంది. మిగిలినదంతా కొట్టేసి వ్యాసాన్ని అక్కడినుంచే మొదలుపెట్టాడు.

ఏఐ ఇచ్చే తొలిప్రతి మీద నాకున్న సందేహం కూడా ఇక్కడిదే. అది ఆ ఎనిమిది వరుసలను ఎంతో నునుపుగా రాసిపెడుతుంది కానీ, తొమ్మిదో వరుస దానికి తెలియదు. పైగా నునుపుగా ఉన్నదాన్ని కొట్టివేయడానికి పిల్లలకు చేయి రాదు. తనది కాని వ్యాసం మీద ఇంటర్వ్యూలో ప్రశ్నలు వేస్తే తడబడిన వారిని నేను చూశాను. వ్యాసం పూర్తయ్యాక అక్షరదోషాలు చూడటానికి, సంస్థ నియమాలు ఒప్పుకుంటే, వాడుకోనివ్వండి.

ఇక ఒక మాట కటువుగానే చెప్పాలి. అమ్మాయి రాస్తుండగా వెనక నిలబడి చదువుతున్నానని, తప్పు కనిపించిన వెంటనే చెబుతున్నానని మీరే రాశారు. దయచేసి అది మానండి. తన తలలో ఇప్పటికే ఒక పరీక్షకుడు కూర్చుని ఉన్నాడు, రెండోవారు అక్కరలేదు.

డేటా సైన్స్ మంచి చదువే. లెక్కల మీద, ప్రోగ్రామింగ్ మీద ఇష్టం ఉంటే తప్పక ఆలోచించవచ్చు. రాత తప్పుతుందని మాత్రం చేరవద్దు. అక్కడ కూడా విశ్లేషణలో తేలినదాన్ని నివేదికగా రాసి ఇతరులకు అర్థమయ్యేలా చెప్పాలి. రోజుకు పది నిమిషాల చొప్పున ఒక వారం రాయనిచ్చి, ఆ తరువాత కోర్సు మాట ఎత్తండి. ఆ వారంలో నోటుపుస్తకం తానుగా చూపిస్తే చదవండి, మీరుగా అడగవద్దు.