పాత మినీ బైకు దొరికిన అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరమూ ఫోటోలూ అందాయి. పాత మినీ బైకు దొరికిందనీ, దాన్ని మెరుగులు దిద్దకుండా పాత రూపంతోనే ఉంచే ర్యాట్ రాడ్ తరహాలో తయారు చేసుకుంటాననీ రాశావు. చాలా సంతోషం. అయితే చివర్లో, వచ్చే ఆదివారం సాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం, చేయించి పాత రంగంతా ఊడగొట్టిస్తానన్నావు. ఆ మాట చూసే వెంటనే కలం పట్టాను. ఆ పని చేయించకు. ఏళ్ళ తరబడి ఎండా వానా తగిలి ఆ రంగు అలా వెలిసింది. ఊడగొట్టడానికి అరగంట చాలు, తిరిగి తెచ్చుకోవడానికి దారే లేదు.

పాత కార్లను వేగం కోసం మార్చి హాట్ రాడ్ కట్టేవాళ్ళు పొర మీద పొర రంగు వేసి, క్రోమ్ పూత పూయించి, అద్దంలా మెరిసే బండ్లను ప్రదర్శనలకు తీసుకువెళ్ళేవారు. ఆ మెరుపు మీద విసుగుతో వచ్చినదే ర్యాట్ రాడ్. దొరికిన భాగాలతో కట్టుకోవడం, అతుకును దాచకుండా చూపడం, బండి ఉన్నది తోలుకోవడానికే అనుకోవడం దాని స్వభావం. పట్టించుకోకుండా వదిలేసిన బండినే కొందరు ర్యాట్ రాడ్ అని పిలుస్తున్నారు. నాకు అది ఎంతమాత్రం నచ్చదు. కంటికి కనిపించేది ఎంత పాతగానైనా ఉండనీ. నీ బరువు మోసేది, నిన్ను ఆపేది, పెట్రోలు పట్టి ఉంచేది మాత్రం కొత్త బండికి తీసిపోకూడదు.

ముందు ఆ బండి ఏదో తేల్చుకో. 1960లు, 70లలో అమెరికాలో మినీ బైకులు చేసిన కంపెనీలు చాలా ఉండేవి. ఒహాయోకు చెందిన రప్ లాంటి పేరున్నవి కొన్ని. మిగతావాటిలో చాలామటుకు గొట్టం వంచి, రెండు చిన్న చక్రాలు తగిలించి, బయట కొన్న చిన్న ఇంజిను బిగించి అమ్మినవే. అందుకే ఫ్రేము ఎవరిదో తెలియకపోయినా ఇంజిను ఎవరిదో తెలుస్తుంది. నీ ఫోటోలో ఉన్నది బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఐదు హార్స్‌పవర్ ఇంజినులా ఉంది. పైనున్న రేకు కవరును గుడ్డతో తుడిచి చూడు. మోడల్, టైప్, కోడ్ అని మూడు వరుసల అంకెలు గుద్ది ఉంటాయి. కోడ్‌లో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం. 71 ఉంటే 1971 అన్నమాట. ఆ అంకెలు రాసి పెట్టుకుంటేనే, ఇంజిను భాగాల మధ్య కారకుండా పెట్టే గాస్కెట్లు సరిపోయేవి దొరుకుతాయి. అది టెకుమ్సే ఇంజిను కాకపోవడం నీకు కలిసొచ్చింది. ఆ కంపెనీ వాళ్ళు 2008లో ఇంజిన్ల తయారీ ఆపేశారు, భాగాల కోసం ఇంకాస్త తిరగాల్సి వచ్చేది.

విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫోటోలు తీసుకో, నట్లూ వాషర్లూ ఏ భాగానివి ఆ డబ్బాలో వేసుకో. ఈ సంగతి నీకు చెప్పనక్కర్లేదు.

ఇక ఫ్రేము. హ్యాండిల్ తిరిగే నిలువు గొట్టాన్ని మెడ అంటాం. ఆ మెడ ఫ్రేముతో కలిసే అతుకు దగ్గర నువ్వు సగం రోజు గడిపినా నేను ఎక్కువ అనను. ఈ బండ్లను పిల్లలు గుట్టల మీద నుంచి దూకించేవారు, ఆ దెబ్బలన్నీ మెడే తిన్నది. మామూలు చూపుకు పగులు దొరకదు. అతుకు చుట్టూ గ్రీజూ మట్టీ తీసేసి, కిరోసిన్ పూసి, పావుగంట నాననిచ్చి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచెయ్. తర్వాత సుద్దపొడి పలచగా అద్దు. లోపల పగులు ఉంటే అందులో దిగిన కిరోసిన్ మెల్లగా బయటికి ఊరుతుంది, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత పడుతుంది. వెల్డింగ్ అంచు వెంబడే ఆ గీత సాగితే అది కచ్చితంగా పగులే. ఇంజిను కూర్చునే పలక మూలలనూ, వెనక ఇరుసు పట్టే చెవులనూ ఇలాగే చూడు.

పగులు దొరికితే దాని మీద ఊరికే వెల్డింగ్ గీత గీయించి సరిపెట్టకు. రెండు చివర్లా చిన్న రంధ్రం వేసి, పగులును అడుగుదాకా గ్రైండ్ చేసి, అప్పుడు నింపించాలి. పైన త్రికోణపు రేకు ముక్క ఒకటి బలంగా వేయించు. ఆ అతుకును సానపట్టి దాచవద్దు, ఈ తరహా బండికి అదే అందం. వెల్డింగ్ ఇంకా నేర్చుకుంటున్నానన్నావు కదా, నేర్చుకోవడానికి సీటు బ్రాకెట్లు ఉన్నాయి. మెడ మాత్రం చేయి తిరిగినవాడే చేయాలి. ఇంకో మాట, వెల్డింగ్‌కు ముందు లోహాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడగవద్దు. కొన్నింటిలో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి, ఆర్క్ వేడికి వాటి నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పెట్రోలు ట్యాంకు ఎంత ఖాళీగా కనిపించినా, ఎన్నేళ్ళు ఎండినా దాని మీద వెల్డింగ్ చేయకు. లోపల మిగిలిన ఆవిరే ప్రాణం తీస్తుంది.

రంగు సంగతికి వద్దాం. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బు, మెత్తని బ్రష్షు. మొదటి రోజుకు అంతే. మట్టి పోయాక కింద ఏముందో చూసి నువ్వే ఆశ్చర్యపోతావు: పాత స్టిక్కరు అంచు, ఎవరో చేత్తో వేసిన నంబరు, మోకాలు రాసుకుని నున్నబడిన చోటు. పెచ్చులుగా లేచిన తుప్పును ఇత్తడి బ్రష్షుతో రాల్చు. గట్టిగా అంటుకున్న గోధుమరంగు పొరను వదిలెయ్. ఆ కాలపు రంగులో సీసం ఉండవచ్చు, అందుకని ఎమరీ కాగితం వాడాల్సిన చోట తడిపి రుద్దు, మాస్కు పెట్టుకో. పాత బ్రేకు, క్లచ్ పొరల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడువు.

తుప్పును నిలిపి ఉంచడానికి చాలామంది క్లియర్ లక్క కొడతారు. నేను కొట్టను. కింద తేమ మిగిలితే పొర లేచిపోతుంది, పైగా ఆ మెరుపు కృత్రిమంగా ఉంటుంది. బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్‌ను గుడ్డతో పలచగా పట్టించి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచేస్తే ఎండిన రంగు లోతుగా తేలుతుంది. కొన్ని నెలలకోసారి మళ్ళీ పట్టించాలి, ఆ శ్రమ ఉంది. ఆ నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకు. ఎండేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ళలో ముంచు, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఎండనివ్వు.

కొత్త రేకు మీద ఉప్పు, వెనిగర్ చల్లి తుప్పు పట్టించే పద్ధతి గురించి అడిగావు. బండి మొత్తానికి అలా చేయడం నాకు సమ్మతం కాదు. అది లేని వయసును అతికించడం. మెడ దగ్గర వేయించిన కొత్త రేకు పక్కనున్న పాత రంగులో కలవాలంటే మాత్రం చేసుకో. తర్వాత ఉప్పు పూర్తిగా పోయేదాకా నీళ్ళతో కడిగి ఆరబెట్టు, లేకపోతే ఆ తుప్పు నీ మాట వినకుండా లోపలికి తింటూ పోతుంది.

ఇంజినును మార్చేసి కొత్తది పెట్టమని చాలామంది చెబుతారు. ముందు ఉన్నదాన్ని పరీక్షించు. ఇంజినుతో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దాన్ని అది తిరిగే దిశకు ఎదురుగా చేత్తో గట్టిగా తిప్పు. టక్కున వెనక్కి తన్నితే కంప్రెషన్, అంటే సిలిండరులో గాలిని నొక్కే బిగి, బాగున్నట్టే. ప్లగ్‌లో నిప్పురవ్వ రాకపోతే కంగారుపడి రవ్వకు కరెంటు ఇచ్చే కాయిల్ కొనకు. ఏళ్ళ తరబడి పడి ఉన్న ఇంజిన్లలో తప్పు తరచూ పాయింట్ల దగ్గరే, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ కరెంటును తెంపే రెండు చిన్న లోహపు బిళ్ళల దగ్గరే దొరుకుతుంది. ఫ్లైవీల్ తీసి, పాయింట్ల మధ్య శుభ్రమైన తెల్ల కాగితం ముక్క పెట్టి, మూసి, మెల్లగా లాగు. కాగితం మీద బూడిదరంగు చార పడుతుంది. చార పడటం ఆగేదాకా కాగితం మార్చి లాగుతూ ఉండు. అలా పోకపోతే సన్నని ఆకురాయితో ఒకటి రెండుసార్లు గీకి, మళ్ళీ కాగితంతో తుడువు. పాయింట్ల ఎడం 0.5 మిల్లీమీటరు, ప్లగ్ ఎడం 0.75 మిల్లీమీటరు. తిరిగి బిగించి తాడు లాగితే నీలిరంగు రవ్వ టక్కుమని దూకాలి. అప్పుడు కలిగే ఆనందం నువ్వే చూస్తావు. నీ ఇంజినులో కార్బ్యురేటర్ ట్యాంకు మీదే కూర్చునే రకం అయితే లోపలి డయాఫ్రం అనే పలచని పొరను తప్పకుండా మార్చు, అంత పాతది బిరుసెక్కిపోయి ఉంటుంది.

ఇంజిను వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్ జోలికి పోవద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. ఈ ఇంజిన్లను నిమిషానికి సుమారు 3600 చుట్లు దాటకుండా తయారుచేశారు. లోపల పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు అల్యూమినియం, ఫ్లైవీల్ పోత లోహం. గవర్నర్ తీసేస్తే చుట్లు హద్దు దాటతాయి, రాడ్డు విరిగి ఇంజిను గోడ చీల్చుకుని వస్తుంది, లేదా ఫ్లైవీల్ ముక్కలై ఎగురుతుంది. అది ఉండేది నీ కాళ్ళ మధ్య. ఒకసారి లెక్క చూడు: క్లచ్ మీద 12 పళ్ళు, వెనక చక్రానికి 72 పళ్ళు ఉంటే ఇంజిను ఆరు చుట్లకు చక్రం ఒక చుట్టు. 3600 చుట్ల దగ్గర చక్రం నిమిషానికి 600 సార్లు తిరుగుతుంది. అడుగు వ్యాసం ఉన్న టైరుతో అది గంటకు దాదాపు 34 కిలోమీటర్లు. నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో, స్ప్రింగులు లేని బండి మీద అది చాలా వేగం.

చైను కొనేటప్పుడు పళ్ళ చక్రాలు రెండూ ఒకే కొలతవేనా అని చూడు. 35 నంబరు చైను లింకు 9.5 మిల్లీమీటర్లు, 420 చైనుది 12.7. పాత బండ్లలో ఎవరో ముందుది ఒకటి, వెనకది ఒకటి పెట్టేసి ఉంటారు. చక్రాలకు రెండు ముక్కల రిమ్ము ఉంటే, వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోయాకే బోల్టులు విప్పు. గాలి ఉండగా విప్పితే రిమ్ము ముఖం మీదికి పేలుతుంది. టైర్లూ, ట్యూబులూ, బేరింగులూ, బ్రేకు తీగా, బ్రేకు బ్యాండూ అన్నీ కొత్తవే. టైరును నేరుగా రాసే పలక బ్రేకు ఉంటే తీసేసి డ్రమ్ముకు బ్యాండు బ్రేకు పెట్టించు. వానలో ఆ పలక పనిచేయదు. హ్యాండిల్ మీద ఇంజిను ఆపే స్విచ్ తప్పనిసరి.

ఇక రూపం నీ ఇష్టం. ట్రాక్టరు ఇనుప సీటు పెట్టాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. ముందు ఫోర్కును పొడవు చేయాలన్నదే నచ్చలేదు. పొడవు పెంచి వాల్చితే బండి తిన్నగా బాగానే పోతుంది గానీ నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం పడిపోతున్నట్టు లాగుతుంది, మెడ మీద బరువూ పెరుగుతుంది. దాని బదులు సీటును దించు, హ్యాండిల్‌ను వెడల్పు చెయ్. నువ్వు కూర్చున్నాక కాలు పెట్టే కడ్డీ మలుపులో నేలకు రాసుకోకుండా ఉందో లేదో కొలుచుకో. పొగ గొట్టం కాలికి తగలకుండా చిల్లుల రేకు ఒకటి వేయి. అలంకారానికి తగిలించే ఏ పాత పానా అయినా, ఏ గేరు చక్రం అయినా బోల్టుతో బిగించు, తీగతో కట్టకు.

మొదటిసారి తోలేది రోడ్డు మీద కాదు, ఇలాంటి బండికి ఆ అనుమతీ ఉండదు. ఖాళీ మైదానంలో, హెల్మెట్ పెట్టుకుని, పది నిమిషాలు తోలి ఆపు. పానా తీసుకుని ప్రతి బోల్టునూ ఒకసారి పట్టి చూడు, ఒక్క సిలిండరు అదురుకు కొన్ని తప్పకుండా వదులవుతాయి. చైను సాగిందేమో చూసి మళ్ళీ సరిచేయి. నూనె వేడిగా ఉన్నప్పుడే దించి కొత్తది పోయి.

ముందు ఆ సుద్దపొడి పరీక్ష చేసి, మెడ దగ్గర నాలుగు వైపుల నుంచీ ఫోటోలు పంపు. అవి చూశాక వెల్డింగ్ గురించి విడిగా రాస్తాను.

మీ పెదనాన్న