బూచి వేరు, సాకు వేరు

ప్రశ్న: మాస్టారూ, మా నాలుగేళ్ల మనవరాలు అన్నం తినకపోతే "బూచోడొస్తాడు" అన్నాను. "ఎలా ఉంటాడు తాతయ్యా?" అనడిగింది. నాకు నోట మాట రాలేదు. మర్నాడు పేపర్లో "నిబంధనలను బూచిగా చూపి ఫైలు పక్కన పెట్టారు" అని చదివాను. ఇదీ ఆ బూచేనా? బూచి, బూచాడు, బూచోడు... వీటిలో ఏది ఒప్పు?
– ఒక తాతయ్య, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మూడూ ఒప్పే తాతగారూ. బూచి వస్తుంది, బూచాడు వస్తాడు. బూచోడు మన నోట్లో నలిగిన బూచాడే.

రాక్షసుడికి పేరూ వంశమూ ఉంటాయి. దెయ్యం కావాలన్నా ముందు ఎవరో ఒకరు చచ్చిపోవాలి. బూచికి అవేవీ అక్కర్లేదు, కాస్త చీకటి ఉంటే చాలు. మా విజయవాడ సత్యనారాయణపురంలో అప్పట్లో రైలు పట్టాలుండేవి. ఇప్పుడక్కడ బి.ఆర్.టి.ఎస్. రోడ్డు. రాత్రి కూత వినబడగానే మా బామ్మ "అదిగో, బూచోడు దిగాడు" అనేది. కూత ఆగేలోపు నా కంచం ఖాళీ.

పేపర్లోదీ ఆ బూచే. కానీ ఆ వాక్యం నాకు నచ్చలేదు. అక్కడ ఉండాల్సింది సాకు. "వాన పడేట్టుందండీ" అని తాపీమేస్త్రీ పనికి రాకపోతే అది సాకు. "కుళాయి కోసేస్తారట" అని ఇంటి ఓనరు అద్దెకున్నవాళ్లని హడలగొట్టి డబ్బు గుంజితే అది బూచి. బూచికి భయపడేవాడొకడు ఉండాలి. ఫైలు పక్కన పెట్టిన గుమస్తా ఎవర్నీ భయపెట్టలేదు, టీ తాగడానికి వెళ్లాడంతే. చెన్నైలో మా వియ్యాలవారు కూడా ఎవరైనా ఉత్త బెదిరింపులకు దిగితే "పూచ్చాండి కాట్టాదే" అంటారు. బూచి చూపించకు అనే.

ఇదే బూచి నవ్విస్తుంది కూడా. పసిపిల్ల ముందు కొంగుతో మొహం కప్పుకుని, "బూ...చి" అని తీసి చూడండి, బోసినోరు విచ్చుకుంటుంది. దోబూచులాటలో నా చెవికి వినబడేది ఈ బూచే. అందుకే "వానలు దోబూచులాడుతున్నాయి" అని పేపరువాళ్లు రాస్తే నేను ఎర్ర సిరా తియ్యను.

ఇక మీ మనవరాలి ప్రశ్న. నేనూ మా బామ్మని అదే అడిగాను.

"చూసినవాడు తిరిగొస్తే కదరా చెప్పడానికి! ముద్ద మింగు" అంది.