ఇస్త్రీ పడిన పాత నూనె మరక పోతుందా?

మీ ప్రశ్న ఇది: చొక్కా మీద ఏడాది క్రితం పడిన నూనె మరక, ఆ తరువాత ఎన్నోసార్లు ఉతికి ఇస్త్రీ చేశారు, ఇప్పుడు పసుపచ్చగా తేలింది. టాల్కం పౌడరు, తినే సోడా, నిమ్మరసం అన్నీ అయిపోయాయి, ఇంకేమైనా దారి ఉందా అని.

ఉంది. మాది పెళ్ళిళ్ళకు వంటలు చేసే కుటుంబం. బూరెల బాణలి దగ్గర నిలబడినవారి చొక్కాలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. ముహూర్తాలు వరసగా ఉన్న నెలల్లో వాటిని ఎప్పటికప్పుడు ఉతికే తీరిక ఉండదు. మూటకట్టి పడేసినవి మూఢం వచ్చాకే బయటికి వస్తాయి. కాబట్టి మా ఇంట్లో పాత మరకలే ఎక్కువ.

ముందు ఆ పౌడర్ల సంగతి. అవి ఇంకా ద్రవంగా ఉన్న నూనెను పీల్చుకుంటాయి, అంతే. మరక పడిన పది నిమిషాల్లో చల్లితే మంచిదే. కానీ పాత మరకలో ఉన్నది మీరు ఒలకబోసుకున్న నూనె కాదు. గాలి తగిలి, ఇస్త్రీ వేడి తగిలి అది చిక్కబడి జిగురుగా మారింది. ఎన్నాళ్ళుగానో వాడుతున్న బాణలి అంచున గోధుమరంగులో అంటుకుని గోకినా రాదు చూడండి, అదే రకం. నిమ్మరసానికి తుప్పు మరక లొంగుతుంది కానీ నూనె లొంగదు. ఇక తినే సోడా మీద వెనిగర్ పోసి నురగ చూపించే వీడియోలు కంటికి విందే తప్ప ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మరక ఉన్నచోటే ఉంటుంది.

నేను చేసేది వింటే మొదట నవ్వుతారు. పాత మరక మీద కొత్త నూనె రాస్తాను. కొబ్బరినూనె రెండు చుక్కలు చాలు, మరక దాటి పాకకుండా వేలితో అద్ది ఓ గంట వదిలేస్తాను. గట్టిపడిన జిగురును నీళ్ళు కదిలించలేవు, నూనె మెత్తబరుస్తుంది. ఆ తరువాత గిన్నెలు తోమే ద్రవ సబ్బును నేరుగా పొడిబట్ట మీదే వేయాలి. ముందే తడిపితే పోగుల్లో నీరు నిండి సబ్బు మరక దాకా సరిగా చేరదు. పాత టూత్‌బ్రష్‌తో రెండువైపులా మెల్లగా రుద్ది, రాత్రంతా ఉంచండి. పని చేసేది సమయమే, రుద్దుడు కాదు. బలంగా రుద్దితే పోగు లేచి, మరక పోయినా ఆ చోటు వెలిసినట్టు కనిపిస్తుంది.

పొద్దున ఎంజైములున్న బట్టల పౌడరు కలిపిన గోరువెచ్చని నీటిలో కొన్ని గంటలు నానబెట్టి ఉతకండి. తడిమీద నూనె మరక కనబడదు, పోయిందనుకుని ఇస్త్రీ పెట్టకండి. నీడన ఆరబెట్టి, వెలుతురులో చూసి, మిగిలి ఉంటే మళ్ళీ మొదటినుంచి చేయాలి. పాత మరక ఒక్క విడతలో పోవడం అరుదు.

మీ చొక్కా నూలుదో పాలిస్టర్ కలిసినదో రాయలేదు. కలిసినదైతే ఓపిక ఎక్కువ కావాలి, పాలిస్టర్ పోగు నూనెను పట్టుకుని వదలదు. తెల్లని నూలుబట్టయితే ఇంకో ఆయుధం ఉంది: చాకలి సోడా. అరబకెట్ వేడినీళ్ళలో రెండు చెంచాలు వేసి నానబెట్టండి, చేతులకు తొడుగులు వేసుకోండి. పూర్వం రజకులు తెల్లబట్టలను చవుడు (క్షారం ఉన్న మట్టి) కలిపిన నీళ్ళలో ముంచి ఉబ్బకు, అంటే ఆవిరికి, వేసేవారు. క్షారం, వేడి కలిసి నూనెలో కొంతభాగాన్ని సబ్బుగానే మార్చేస్తాయి. రంగుబట్టలకూ, కలంకారీకీ ఇది వద్దు, రంగు మారిపోతుంది.

మరకలో వంట పసుపు కూడా ఉంటే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారు వద్దు. నూనె పోయాక తడిబట్టనే ఎండలో వేయండి, పసుపు రంగు ఎండకు నిలవదు. ఆవకాయ ఎరుపు కూడా చాలావరకు అలాగే వెలిసిపోతుంది.

పట్టుచీరల జోలికి మాత్రం నేను పోను. సోడా, ఎంజైముల పౌడరు రెండూ పట్టుపోగును తినేస్తాయి. మరక చుట్టూ రంగుదారంతో వదులుగా ఒక కుట్టు వేసి, ఇది నూనె, ఇన్నాళ్ళ నాటిది అని చెప్పి డ్రైక్లీనింగుకు ఇస్తాం. చెప్పకపోతే వాళ్ళు మామూలుగా శుభ్రం చేసి వేడి ఇస్త్రీ వేస్తారు, అప్పుడు ఇక చేయగలిగింది తక్కువ.

కిరోసిన్ రాస్తే మరక పోతుందని ఎవరో రాశారు. గ్రీజుకు పనిచేస్తుంది, నిజమే. కానీ వాసన వారాలపాటు వదలదు, ఆ బట్టను వాషింగ్ మెషీన్‌లో వేస్తే అగ్నిప్రమాదం. ఒక చొక్కా కోసం అంత అవసరం లేదు.