ముక్కు పట్టకుండా గడ్డం గీయడం

ప్రశ్న: అయ్యా, మీరు చదవమన్నారని రష్యా రచయిత గోగోల్ కథ ‘ముక్కు’ చదివాను. ఒకాయన నిద్రలేచి చూసుకుంటే ముక్కు లేదట, అదేమో ఆఫీసరు దుస్తుల్లో బండెక్కి తిరుగుతోందట. ఎందుకు పోయిందో, ఎట్లా వచ్చిందో ఆఖరిదాకా చెప్పనే లేదు. ఇది గొప్ప కథ ఎట్లయింది?
– ఒక టీచరమ్మ, పలమనేరు

జవాబు: అమ్మా, మీ కోపం రచయితకు ముందే తెలుసు. చివరి పేజీ మళ్ళీ చూడండి. ఇట్లాంటి విషయాలు ఎందుకు రాస్తారో అర్థం కాదు, దీనివల్ల దేశానికి ఒరిగేదేమీ లేదు అని కథ చెప్పేవాడే గొణుగుతాడు. ఒక మాస్కో పత్రిక దీన్ని వద్దంది కూడా. 1836లో కవి పుష్కిన్ తన పత్రికలో వేసుకున్నాడు, ఇందులో ఎంతో సరదా ఉందని ఒక మాట చేర్చి మరీ.

నేను దీన్ని మా వీధి సెలూన్‌లో చదివి వినిపించాను. మంగళవారం సెలవు కాబట్టి బుధవారం పొద్దున. (కథలో ముక్కు పోగొట్టుకున్న కొవల్యోవ్ గడ్డం గీయించుకునేదీ బుధ, ఆదివారాల్లోనే!) క్షురకుడికి రొట్టెలో ముక్కు దొరికిందంటే మా సెలూన్ అన్న ఏమాత్రం చలించలేదు. “వేడి రొట్టెలోకి ఉల్లిగడ్డా? మన సంగటి మాదిరే” అన్నాడు. కాఫీ, రొట్టె రెండూ అడిగితే పెళ్ళాం తిడుతుందని ఒకటే అడిగాడన్న చోట పగలబడి నవ్వాడు. ఆఖర్లో, తిరిగొచ్చిన ముక్కును తాకొద్దంటే ఆ క్షురకుడు బొటనవేలు బుగ్గకూ కింది చిగురుకూ ఆనించి నానా తిప్పలు పడి గీస్తాడు చూడండి, అక్కడ మాత్రం కత్తి ఆపేశాడు. “ఇది నిజం సార్. ముక్కు పట్టకుండా గీసేది శానా కష్టం. ఈ రాసినాయన పక్కన నిలబడి చూసుండాల.”

నాకు ఆ మాటతోనే కథ తెలిసింది. గోగోల్ ఆడింది ఒకే ఒక్క అబద్ధం. మిగతాదంతా కళ్ళారా చూసిందే. రష్యా పీటర్ చక్రవర్తి 1722లో ఉద్యోగాలను 14 మెట్లు చేశాడు, ఒకటోది అన్నిటికన్నా పైది. కొవల్యోవ్‌ది 8వ మెట్టు, ముక్కుది 5వది! అందుకే గుడిలో సొంత ముక్కు ఎదురైనా ఏమని పలకరించాలో తెలియక నీళ్ళు నమిలాడు. పేపరాఫీసులో గుమాస్తా ప్రకటన వేయనన్నాడు, పత్రిక పరువు పోతుందని. పైగా పాపమని నస్యం డబ్బీ చాచాడు. ముక్కు లేనివాడికి నస్యం!

దుస్తులు చూసి ముక్కుకు వంగడం వింతగా ఉందా? మన తిరుపతి గంగజాతర కథ గుర్తు చేసుకోండి. అమ్మవారు ఎన్ని వేషాలేసినా దాక్కున్న పాలెగాడు, దొర వేషం చూసి కదా బయటికొచ్చింది.

ఇక ‘ఎందుకు పోయింది’ అన్నదానికి: మొదట రాసినప్పుడు ఇదంతా కల అని ముగించి, తర్వాత కొట్టేశాడు. మంచి పని చేశాడు.

ప్రశ్న: సార్, రష్యా రచయిత ఖార్మ్స్ రాసిన ‘కిటికీలోంచి పడే ముసలమ్మలు’ ఇంట్లో చదివితే మా అమ్మ తిట్టింది. “పడినోళ్ళను ఎత్తేవాళ్ళే లేరా?” అంటోంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. నాదే తప్పా?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: నవ్వు నాకూ వచ్చిందిలే నాయనా. కానీ మీ అమ్మ అడిగిన మాట ఆ కథలో ఎవరూ అడగరు. ఒకామె పడితే చూడ్డానికి ఇంకొకామె వంగి పడుతుంది. ఆరుగురు పడ్డాక కథకుడికి విసుగొచ్చి, ఎవరో గుడ్డివాడికి అల్లిన శాలువా ఇచ్చారట అని సంతకు పోతాడు. అంతే, అర పేజీ. రాసింది 1930లలో, స్టాలిన్ పాలనలో మనుషులు మాయమైపోతున్న లెనిన్‌గ్రాడ్ నగరంలో. పిల్లల కథలతో పొట్టపోసుకున్న ఖార్మ్స్‌నే 1941లో పోలీసులు పట్టుకుపోయారు. మరుసటి ఏడు జైలు ఆసుపత్రిలో పోయాడు. ఆ కాగితాలు మిగిలాయంటే, యుద్ధంలో జర్మన్లు ఆ ఊరిని ముట్టడించినప్పుడు ఆకలితో ఉన్న ఒక స్నేహితుడు వాటిని సూట్‌కేసులో మోసుకొచ్చినందుకే.

నాకు 70 దాటాయి, ఇల్లు రెండో అంతస్తు. కూరగాయల బండి అరుపు వినిపిస్తే బాల్కనీలోంచి వంగి చూడ్డం అలవాటు. ఈ కథ మా ఆవిడకు వినిపించిన రోజు నుంచి కొత్తిమీరకైనా ఆమే కిందికి దిగిపోతోంది.