పాఠకుల ప్రశ్నలు: అమ్మోనియా లీకు గురించి మూడు ఉత్తరాలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి ఈసారి అందిన ఉత్తరాల్లో మూడింటిది ఒకే ఆందోళన. పాల డెయిరీలు, ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలలో చల్లదనం కోసం వాడే అమ్మోనియా బయటికి వస్తే ఏం చేయాలి, రాకుండా ఏం చేయాలి అన్నదే ఆ ప్రశ్న. చాలా ఏళ్లు శీతలీకరణ యంత్రాల మధ్యే పనిచేసినవాణ్ని కనుక, జవాబులు కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: నేను పూతలపట్టు వైపు ఒక పాల డెయిరీలో ప్యాకింగ్ పని చేస్తున్నాను. వారంలో ఒకటి రెండుసార్లు కళ్లు మండేలా ఘాటు వాసన వస్తుంది. అడిగితే, కొన్నాళ్లకు అదే అలవాటైపోతుందని అంటున్నారు. 2020 ఆగస్టులో మా మండలంలోనే ఒక డెయిరీలో గ్యాస్ లీకై ఆడకూలీలు ఆస్పత్రి పాలయ్యారు. ఈ వాసనను పట్టించుకోవాలా?
ఒక కార్మికురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: తప్పకుండా పట్టించుకోవాలమ్మా. అలవాటైపోతుందని వాళ్లు చెప్పింది నిజమే, కానీ మీరు భయపడవలసింది సరిగ్గా దానికే. అమ్మోనియా కొద్దిసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. వాసన తగ్గినట్టు అనిపించినా గాలిలో గ్యాస్ తగ్గి ఉండకపోవచ్చు. ఎనిమిది గంటల పనిలో గాలిలోని పది లక్షల భాగాలకు 25 భాగాలను మించి అమ్మోనియా ఉండకూడదని వృత్తి ఆరోగ్య నిపుణులు పరిమితి పెట్టారు. అది 300 భాగాలకు చేరితే ప్రాణానికి తక్షణ ప్రమాదమని లెక్క. మీ కళ్లు మండుతున్నాయంటే ఎక్కడో గొట్టాల అతుకు మధ్య బిగించే గ్యాస్కెట్టో, వాల్వు కాడ చుట్టూ ఉండే గ్లాండో, కంప్రెసర్ సీలో కారుతూ ఉండవచ్చు. చిన్నగా కారుతున్నప్పుడు దాన్ని కనిపెట్టి బిగించడం ఒక పూట పని.

వాసన వచ్చిన తేదీ, వేళ, చోటు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. అందరూ కలిసి దాన్ని మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. భోపాల్ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన అధ్యాయం, ప్రాణానికి ముప్పు ఉందని సహేతుకంగా భావించిన కార్మికులు ఆ సంగతిని యాజమాన్యానికి చెబుతూనే అదే సమయంలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చని స్పష్టంగా రాసింది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. మీరు పని చేసే హాలు నుంచి బయటికి వెళ్లే రెండో తలుపు ఏది, అది షిఫ్టు వేళలో తాళం లేకుండా ఉంటుందా అన్నది కూడా ఈరోజే చూడండి. దొంగతనాల భయంతో వెనక తలుపుకు తాళం వేసిన చోట్లు నేను చూశాను, అవి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ప్రశ్న: చిత్తూరు శివారులో ఒక కోల్డ్ స్టోరేజీలో నేను ఆపరేటర్‌ను. మా ప్లాంటు పాతది. మామిడి సీజన్‌లో కంప్రెసర్లు ఆపడానికి వీలుండదు కనుక మరమ్మతులు నడుస్తుండగానే చేస్తాం. ఎక్కడ ఎక్కువ జాగ్రత్త పడాలి?
ఒక ఆపరేటర్

జవాబు: నన్నడిగితే, ముందుగా ఆయిల్ డ్రెయిన్ దగ్గర, అంటే ప్లాంటులో చేరిన నూనెను బయటికి తీసే చోట. పెద్ద ట్యాంకు పగిలిపోతుందేమోనని అందరూ భయపడతారు గానీ, అమ్మోనియా ప్లాంట్లలో మనుషులు గాయపడేది ఎక్కువగా ఇలాంటి రోజువారీ చిన్న పనుల్లోనే.

కంప్రెసర్ నుంచి కొద్దికొద్దిగా నూనె గ్యాస్‌తో పాటు ప్రయాణించి, ద్రవ అమ్మోనియా కంటే బరువైనది కనుక రిసీవర్ (ద్రవ అమ్మోనియా నిల్వ ఉండే ట్యాంకు) అడుగునా ఇతర పాత్రల అడుగునా చేరుతుంది, దాన్ని ఎప్పటికప్పుడు తీసేయక తప్పదు. వాల్వు తిప్పితే నూనె చిక్కగా, మెల్లగా వస్తుంది. పది నిమిషాలు పట్టేలా ఉందని ఆపరేటర్ వాల్వును అలాగే వదిలి, మరో కంప్రెసర్ చప్పుడు మారిందనో ఫోను మోగిందనో అటు వెళతాడు. నూనె అయిపోయిన మరుక్షణం దాని వెనకే ఉన్న ద్రవ అమ్మోనియా అదే రంధ్రం నుంచి ఒత్తిడితో దూసుకొస్తుంది. మామూలు ఒత్తిడిలో మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే ఆ ద్రవం, గ్యాస్‌గా మారేసరికి సుమారు 850 రెట్లు విస్తరిస్తుంది. అంటే ఒక బకెట్టు ద్రవం కంప్రెసర్ రూం మొత్తాన్ని ప్రాణాంతకం చేయగలదు. తిరిగి వచ్చి వాల్వు మూద్దామన్నా దాని దగ్గరికి చేరే దారి ఉండదు.

అందుచేత డ్రెయిన్ లైనుకు స్ప్రింగు వాల్వు పెట్టించండి. చేయి వదిలితే దానంతట అదే మూసుకునే ఆ వాల్వు ఖరీదు, సీజన్‌లో ఒక్క రోజు ప్లాంటు ఆగితే వచ్చే నష్టం ముందు లెక్కలోకి రాదు. దాన్ని తీగతో కట్టి తెరిచి ఉంచే అలవాటును మాత్రం మీ ప్లాంటులో ఎవరికీ రానివ్వకండి. నూనెను నేరుగా రిసీవర్ నుంచి తీయకుండా, ఆయిల్ పాట్ అనే చిన్న పాత్రలోకి దింపి, వాల్వులు మూసి దాన్ని మిగతా ప్లాంటు నుంచి వేరుచేసి, అందులోని ఒత్తిడి తగ్గించాకే తీయాలి. ఇద్దరు ఉండాలి, ఒకరు పని చేస్తుంటే రెండోవారు గాలి వచ్చే వైపు నిలబడి చూస్తూ ఉండాలి.

ఇక రెండు వాల్వుల మధ్య గొట్టంలో ద్రవం చిక్కుకునేలా ఎన్నడూ మూయకండి. ఎండకు ఆ ద్రవం వ్యాకోచిస్తే, ఉక్కు గొట్టమైనా గ్యాస్కెట్టైనా ఏదో ఒకటి తెగుతుంది. బయటి గొట్టాల ఇన్సులేషన్ కింద తుప్పు మీ కంటికి కనబడదు. పాత ప్లాంటు అంటున్నారు కనుక సీజన్ ముగియగానే అక్కడక్కడా విప్పించి గొట్టం మందం కొలిపించండి. నడుస్తుండగానే వెల్డింగ్ అన్న మాట మాత్రం వినడానికి కూడా నేను సిద్ధంగా లేను. గొట్టం ఖాళీ చేసి, రెండు వైపులా మూసి తాళం వేసి, తాళంచెవి వెల్డర్ జేబులో ఉన్నాకే పని మొదలుకావాలి. గాలిలో 15 నుంచి 28 శాతం మధ్య అమ్మోనియా ఉంటే నిప్పు కూడా అంటుకుంటుంది.

లీకయ్యాక లోపలికి వెళ్లాల్సింది గాలి సిలిండరు ఉన్న బ్రీతింగ్ సెట్ వేసుకుని, శిక్షణ పొందినవారే, అదీ జంటగానే. నేను తనిఖీకి వెళ్లిన ఒక ప్లాంటులో ఆ సెట్‌ను భద్రంగా కంప్రెసర్ రూం లోపలి బీరువాలోనే దాచారు. అవసరమైన రోజున అది ఎవరికి అందుతుంది? బయట, కాపలా గది పక్కన పెట్టించండి. నీళ్ల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: గాలిలో తేలే గ్యాస్ మీద సన్నని తుంపరగా కొడితే నీరు దాన్ని బాగా పీల్చుకుంటుంది, కానీ నేల మీద మడుగు కట్టిన ద్రవ అమ్మోనియా మీద పోస్తే ఆ నీటి వేడికే అది ఇంకా ఉధృతంగా మరిగి గ్యాస్ మరింత పెరుగుతుంది. వాడిన నీరు కాలువల గుండా చెరువులోకి పోకుండా మట్టికట్టతో ఆపాలి, అమ్మోనియా కలిసిన నీటిలో చేపలు బతకవు.

ప్రశ్న: రేణిగుంట దగ్గర మా ఇంటికి రెండు వీధుల అవతల ఐస్ ఫ్యాక్టరీ ఉంది. విశాఖపట్నం ఘటన చూసినప్పటి నుంచి భయంగా ఉంది. అలాంటిది జరిగితే ఎటు పరుగెత్తాలి? తడిగుడ్డ, నిమ్మకాయ పనిచేస్తాయా?
ఒక గృహిణి, తిరుపతి జిల్లా

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగినదే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వ్యాపించినప్పుడు జనం నిద్రలో ఉన్నారు, ఫ్యాక్టరీ సైరన్ మోగలేదు. ఎటు వెళ్లాలో ముందుగా చెప్పినవారు లేక, గ్యాస్ వస్తున్న దారిలోనే కొందరు పడిపోయారు. అందుకని దిక్కు ముందే తెలుసుకోవాలి. ఫ్యాక్టరీ వైపు పరుగెత్తకండి, గాలి వీచే దారి వెంటా పరుగెత్తకండి. గాలికి అడ్డంగా, పక్కకు వెళ్లండి. కొబ్బరాకులు, గుడి జెండా, పొయ్యి పొగ, ఏదైనా గాలి వాలును చెబుతుంది. దారి గ్యాస్‌తో నిండి ఉంటే బయటికి రాకుండా, తలుపులు కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఫ్యాన్లు, ఏసీ ఆపేసి 112కు ఫోన్ చేయండి.

అమ్మోనియా గాలి కంటే తేలికే అయినా, ద్రవంగా చిమ్మినప్పుడు చల్లని తెల్లని మంచులా నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, గాలి కదలని తెల్లవారుజామున మరీనూ. తాగునీటి శుద్ధికి వాడే క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. అది లీకైతే పల్లంలోకి దిగకుండా మిట్టకో మేడ మీదికో వెళ్లాలి. అమ్మోనియా నీటిలో కరుగుతుంది కనుక ముక్కుకు తడిగుడ్డ, తప్పించుకునే ఆ కొద్ది నిమిషాలకు సాయపడుతుంది. దాన్ని కట్టుకుని ఎవరినో కాపాడాలని లోపలికి వెళ్లడం మాత్రం ప్రాణాంతకం. నిమ్మరసం, వెనిగర్ కంట్లోగానీ ఒంటి మీదగానీ వేయవద్దు. కళ్లను, చర్మాన్ని మంచినీటితో కనీసం 15 నిమిషాలు ఆగకుండా కడగాలి, తడిసిన బట్టలు తీసేయాలి, అవి గడ్డకట్టి ఒంటికి అంటుకుంటే లాగకుండా నీటితో కరిగించాలి. గొంతు, ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటల తర్వాత కూడా ముదరవచ్చు, కనుక పీల్చినవారు బాగానే ఉన్నామన్నా ఆస్పత్రిలో చూపించి, ఏ గ్యాసో డాక్టరుకు చెప్పాలి.

ఇక్కడ ఒక లోపం గురించి చెప్పాలి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు, చుట్టుపక్కల ప్రజలకు ముందే సమాచారం ఇవ్వాలనీ, ఫ్యాక్టరీలో ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలనీ అంటాయి. అయితే అమ్మోనియాకు ఆ బాధ్యతలు మొదలయ్యేది 60 టన్నుల నిల్వ దగ్గర. మీ వీధి చివరి ఐస్ ఫ్యాక్టరీలో అంత ఉండకపోవచ్చు. టన్ను అమ్మోనియా రెండు వీధులకు సరిపోతుందని తెలిసినవాణ్ని కనుక, చట్టం అడగకపోయినా మీరు అడగాలని నా అభిప్రాయం. మీ గ్రామ లేదా వార్డు సచివాలయం ద్వారా, వీధిలోని పదిమంది సంతకాలతో ఒక అర్జీ పెట్టండి: ఎంత నిల్వ ఉంది, సైరన్ ఎక్కడ ఉంది, రాత్రి డ్యూటీలో దాన్ని మోగించే బాధ్యత ఎవరిది, గాలి దిశ చూపే గుడ్డసంచి పైకప్పు మీద కడతారా, అగ్నిమాపక కేంద్రం వారు వచ్చి చూశారా. సైరన్‌ను నెలకొకసారి పగటిపూట, ముందుగా చెప్పి మోగించమని కోరండి. మీ ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ఆ చప్పుడు తెలిసి ఉండాలి.